గాలం వేస్తే నేరమా, చేప పడితేనే నేరమా? మోసపు మెయిళ్ళు, క్రిమినల్ చట్టాలు

#1 గాలివాన

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదివి పోయేవాణ్ణే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మేము నలుగురం భాగస్వాములుగా నడుపుకునే చిన్న సంస్థ. ఏళ్ళ తరబడి మాకు సరుకు ఇస్తున్న సప్లయర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆడిట్ వల్ల పాత ఖాతా ఆగిపోయిందట, ఈ నెల బిల్లు కొత్త ఖాతాకు వేయమని. సంతకం వాళ్ళదే, లోగో వాళ్ళదే. మా మధ్య నడిచిన పాత మెయిళ్ళన్నీ కింద వరసగా ఉన్నాయి. డబ్బు నేనే నా చేతులతో పంపాను. నాలుగు రోజుల తర్వాత అసలు సప్లయర్ ఫోన్ చేసి "బిల్లు ఇంకా పడలేదండీ" అన్నాడు. అప్పుడు చూస్తే డొమైన్ పేరులో (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చేది) 'ఎల్' అక్షరం ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉంది.

ఇంతవరకూ నా తెలివితక్కువతనమే, దాన్ని వదిలేయండి. నా ప్రశ్న వేరు. అదే సప్లయర్ దగ్గర కొనే మరో సంస్థకూ అదే మెయిల్ వెళ్ళింది. వాళ్ళు ఫోన్ చేసి కనుక్కున్నారు, డబ్బు వేయలేదు. ఇద్దరం కలిసే ఫిర్యాదుకు వెళ్ళాం. నాది తీసుకున్నారు. వాళ్ళను "మీకు నష్టం లేదుగా, ఇంక కేసేముంది?" అని పంపేశారు.

అంటే మోసపు మెయిల్ పంపడం దానంతట అది నేరం కాదా? గాలం వేస్తే తప్పు లేదు, చేప పడితేనే తప్పా?

ఏ దేశమో కావాలనే రాయలేదు, కేసు నడుస్తోంది. ఎక్కడెక్కడ చట్టం ఎలా ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 పాతకీబోర్డు

ముందుగా సానుభూతి. కానీ ఇందులో అంత సందేహం ఎందుకో అర్థం కాలేదు. స్పామ్ మీద, అంటే అడగకుండా గుంపుగా పంపే మెయిళ్ళ మీద, చాలా దేశాల్లో చట్టం ఉంది. అమెరికాలో కాన్-స్పామ్, ఆస్ట్రేలియాలో 2003 నాటి స్పామ్ చట్టం, కెనడాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం. అమెరికాలో ఒక్కో మెయిల్‌కు 50,000 డాలర్లు దాటి జరిమానా వేయొచ్చు. నష్టం జరగనక్కర్లేదు, పంపితే చాలు. మీ స్టేషన్‌లో ఆయనకు చట్టం తెలియదు, అంతే.

#3 నల్లకోటు

పాతకీబోర్డు గారూ, మీరు చెప్పిన మూడు చట్టాలూ నిజమే. అయితే గాలివాన గారికి వాటిలో ఏదీ పనికిరాదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

స్పామ్ చట్టాలు ప్రధానంగా వ్యాపార ప్రకటనల కోసం పుట్టినవి. ఆస్ట్రేలియా చట్టంలో శిక్షలు సివిల్ జరిమానాలే, జైలు లేదు. కెనడాలో కూడా సంస్థకు కోటి డాలర్ల వరకు, వ్యక్తికి 10 లక్షల డాలర్ల వరకు వేసేది పాలనాపరమైన జరిమానా. అమెరికా చట్టం మీద 2003 డిసెంబర్ 16న సంతకం అయింది, 2004 జనవరి 1 నుంచి అమలు. అది అడగని మెయిల్‌ను నిషేధించనే లేదు. పంపుకో, కానీ ఎవరు పంపారో నిజం చెప్పు, పోస్టల్ చిరునామా పెట్టు, వద్దన్నవాడికి పది పనిదినాల్లోగా ఆపెయ్ అంటుంది. పేరులోని 'కాన్'ను 'క్యాన్'గా చదివి, స్పామ్ చేసుకోవచ్చని ప్రభుత్వమే అనుమతి ఇచ్చిందని అప్పట్లో వెక్కిరించారు.

అందులో జైలుశిక్ష ఉన్న భాగం వేరే ఉంది. ఫెడరల్ క్రిమినల్ కోడ్‌లో 1037వ సెక్షన్. అడ్డదారిన వేరొకరి కంప్యూటర్‌లోకి దూరి అక్కడి నుంచి మెయిళ్ళు గుప్పించడం, హెడర్లలో, అంటే మెయిల్ ఎవరి నుంచి ఏ దారిన వచ్చిందో చెప్పే వరసల్లో, అబద్ధం రాయడం, దొంగ పేర్లతో ఐదు లేక అంతకు మించి మెయిల్ ఖాతాలు గానీ, రెండు లేక అంతకు మించి డొమైన్లు గానీ తీసుకుని పంపడం, ఇలాంటివి. మామూలుగా ఏడాది వరకు. వేరొకరి కంప్యూటర్‌లోకి దూరి పంపినా, రోజుకు 2,500 మెయిళ్ళు దాటినా, ఏడాదిలో 5,000 డాలర్ల నష్టం కలిగించినా మూడేళ్ళ వరకు. మరో పెద్ద నేరం కోసం చేసినా, ఇదివరకే శిక్షపడ్డవాడు మళ్ళీ చేసినా ఐదేళ్ళ వరకు.

ఇక్కడ రెండు గడపలు దాటాలి. ఒకటి, సంఖ్య. 24 గంటల్లో 100కు మించి, లేదా 30 రోజుల్లో 1,000కి మించి, లేదా ఏడాదిలో 10,000కి మించి పంపాలి. రెండోది, అవి వాణిజ్య మెయిళ్ళు అయి ఉండాలి, అంటే ప్రచారమే వాటి ముఖ్యోద్దేశం కావాలి. మీ దొంగ పంపింది మనకు తెలిసి రెండు మెయిళ్ళు. అందులో ఏ సరుకూ అమ్మలేదు, డబ్బు ఫలానా ఖాతాకు వేయమన్నాడు. చట్టం కళ్ళకు అది స్పామే కాదు.

#4 పాతకీబోర్డు

సరే, ఒప్పుకున్నాను. మరి అయితే ఏ చట్టం కింద?

#5 ఊరపిచ్చుక

నల్లకోటు అన్నా, ఇద్దరికే పంపినోడు స్పామర్ గాదు, వెయ్యిమందికి తైలం అమ్ముకునేటోడు స్పామరా? మంచిగుంది చట్టం.

#6 నల్లకోటు

ఊరపిచ్చుకా, అతను స్పామర్ కాదు గానీ మోసగాడు. దానికి పాత చట్టాలే బలమైనవి. గాలివాన గారి ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. ఆ జవాబు దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో 1343వ సెక్షన్, తంతి మోసం. 'వైర్ ఫ్రాడ్' అంటారు. మోసపు పథకం వేసి, దానికోసం రాష్ట్రాలు గానీ దేశాలు గానీ దాటే ఒక సందేశం పంపితే నేరం పూర్తయినట్టే. 20 ఏళ్ళ వరకు, బ్యాంకులాంటి ఆర్థిక సంస్థ మీద దెబ్బ పడితే 30 ఏళ్ళ వరకు. ఎవరైనా నమ్మారా, నష్టపోయారా అన్నది ఈ ఫెడరల్ మోసం సెక్షన్లకు అక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 1999లో నీడర్ కేసులో తేల్చేసింది. అంటే గాలం వేస్తే నేరమే.

ఇంగ్లండ్‌లో ఇంకా ఆసక్తికరం. 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం వంచనతో ఆస్తి 'సంపాదించాలి'. ఎదుటివాడు మోసపోవాలి, సొమ్ము చేతులు మారాలి. 2006లో మోసాల చట్టం తెచ్చి దాన్ని తిరగేశారు. లాభం పొందాలనో, నష్టం కలిగించాలనో నిజాయితీ లేకుండా అబద్ధపు మాట చెప్పడమే నేరం, 10 ఏళ్ళ వరకు. ఎదుటివాడు నమ్మినా నమ్మకపోయినా, మెయిల్ నేరుగా చెత్తబుట్టలోకి పోయినా సరే. మోసానికి వాడే సామగ్రి, అంటే నకిలీ పేజీల నమూనాలు, మెయిల్ చిరునామాల జాబితాలు ఆ ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్నా ఐదేళ్ళ వరకు.

నైజీరియాలో 2015 సైబర్ నేరాల చట్టం 32వ సెక్షన్‌లో ఫిషింగ్‌ను (నకిలీ మెయిళ్ళతో గుట్టు వివరాలు రాబట్టడాన్ని) పేరుపెట్టి నేరం చేశారు. నిర్వచనంలోనే 'రాబట్టడానికి ప్రయత్నించడం' ఉంది కాబట్టి అక్కడా చేప పడనక్కర్లేదు. కాకపోతే శిక్ష మూడేళ్ళ వరకే. ముందస్తు సొమ్ము గుంజే మోసాలకు 2006 చట్టం ఉంది, అది చాలా కఠినం. ఏడేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై వరకు, జరిమానా కట్టి బయటపడే వీలు లేదు.

భారత్‌లో మాత్రం మీరు భయపడ్డట్టే ఉంది. ఛీటింగ్, అంటే పాత 420, ఇప్పటి న్యాయ సంహితలో 318. అది రుజువు కావాలంటే ఎదుటివాడు మోసపోయి ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా తనకు కీడు తెచ్చే పని చేయాలి. ఐటీ చట్టంలో మారువేషపు మోసానికి 66డి ఉంది, మూడేళ్ళ వరకు. అక్కడా 'మోసం చేస్తే' అనే ఉంది. మోసపోనివాడి విషయంలో మిగిలేది ప్రయత్నం, న్యాయ సంహిత 62వ సెక్షన్. దానికి అసలు శిక్షలో సగం వరకే.

#7 లెక్కలపద్దు

సగమైనా కేసు కేసే కదండీ! మరి 'కేసేముంది' అని ఎలా పంపేస్తారు?

#8 నల్లకోటు

పంపకూడదు మేడమ్. పైగా ప్రయత్నం ఒక్కటే దారి కూడా కాదు. చాలామంది లాయర్లు కూడా మర్చిపోయే సెక్షన్ ఒకటుంది: ఫోర్జరీ. సప్లయర్ లోగో, సంతకం అంటించి వాళ్ళే రాసినట్టు మెయిల్ తయారుచేయడం అంటే దొంగ ఎలక్ట్రానిక్ రికార్డు సృష్టించడమని వాదించవచ్చు. మోసానికి వాడాలనే ఉద్దేశంతో అలా తయారుచేస్తే న్యాయ సంహిత 336(3), ఏడేళ్ళ వరకు. దీనికి ఎవరూ డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు. తయారైన క్షణానికే నేరం పూర్తయింది.

2001 బుడాపెస్ట్ సైబర్ నేరాల ఒప్పందంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఎనిమిదో అధికరణ కంప్యూటర్ మోసం గురించి. అందులో ఆస్తి నష్టం జరగాలి. ఏడోది కంప్యూటర్ ఫోర్జరీ. దానికి నష్టం ఊసే లేదు, అబద్ధపు డేటాను నిజమైనదిగా చలామణి చేసే ఉద్దేశం చాలు.

#9 ఊరపిచ్చుక

ఒక డౌటు. మనదగ్గర మోసగాన్ని "వాడు ఫోర్ ట్వంటీ గాడు" అంటం. నైజీరియా లాటరీ మెయిళ్ళను "ఫోర్ నైంటీన్" అంటరు గదా. ఈ రెండు అన్నదమ్ములా?

#10 నల్లకోటు

నవ్వొచ్చినా మంచి ప్రశ్న. అన్నదమ్ములు కాదు, పక్కపక్క ఇళ్ళ నంబర్లు దొరికిన దూరపు చుట్టాలు. 420 అనేది 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లోది. నైజీరియా 419 వాళ్ళ క్రిమినల్ కోడ్‌లోది, దాని మూలం 1899 నాటి ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ కోడ్. రెండూ బ్రిటిష్ వలసల్లో పుట్టినవే. అంకెలు దగ్గర పడటం కాకతాళీయం. మన పాత కోడ్‌లో కూడా 419 ఉండేది, మారుపేరుతో చేసే మోసానికి. 2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయింది. తిట్టు మాత్రం పోలేదు.

#11 సర్వర్‌గది

లాయర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నాను. గాలివాన గారూ, మీ మొదటి పోస్టులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మా మధ్య నడిచిన పాత మెయిళ్ళన్నీ కింద వరసగా ఉన్నాయి" అన్నారు.

అవి దొంగకు ఎలా వచ్చాయి?

మీ మెయిల్ పెట్టె నుంచో, సప్లయర్ పెట్టె నుంచో. రెండో సంస్థకూ వాళ్ళ పాత మెయిళ్ళతోనే వచ్చి ఉంటే సప్లయర్ వైపే అనుకోవాలి. ఎవరో వాళ్ళ పాస్‌వర్డ్ కాజేసి లోపల కూర్చుని, బిల్లులు ఎప్పుడు వెళ్తాయో చదువుతూ, సమయం చూసి గాలం వేశారు. ఈ పద్ధతికి కొన్నేళ్ళుగా ఒకటే లక్షణం. లోపలికి రాగానే సెట్టింగుల్లో ఒక నియమం పెడతారు, 'బిల్లు', 'చెల్లింపు' లాంటి మాటలున్న ప్రతి మెయిల్ నకలు బయటి చిరునామాకు పోయేట్టు. తర్వాత పాస్‌వర్డ్ మార్చినా నియమం అలాగే ఉంటుంది. సప్లయర్‌ను ఈరోజే చూడమనండి. చెరపొద్దనండి, ముందు ఫొటో తీసి, ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో చూపే లాగ్‌లు దించుకోమనండి.

ఇంకో మాట. ఆ దొంగ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ తనిఖీలన్నీ పాసై ఉంటాయి, చూసుకోండి. అది ఆశ్చర్యం కాదు. ఆ డొమైన్ వాడిదే. ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందా అన్నదే ఆ తనిఖీలు చెప్తాయి. ఆ డొమైన్ వెనకున్నవాడు పెద్దమనిషా అన్నది చెప్పవు. 1982లో మెయిల్ ప్రోటోకాల్ రాసిన రోజుల్లో 'పంపినవారు' అన్న గడిలో ఎవరు ఏది రాసినా నమ్మేవారు, ఎందుకంటే వాడేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. ఆ నమ్మకాన్ని పూడ్చడానికి మనం ఇప్పటికీ అతుకులు వేస్తూనే ఉన్నాం.

#12 నల్లకోటు

సర్వర్‌గది గారికి దండం. నేను సెక్షన్లు వెతుకుతూ ఆ వాక్యం చూడనేలేదు.

ఇది కేసునే మార్చేస్తుంది. అనుమతి లేకుండా వేరొకరి పెట్టెలోకి దూరడం దానంతట అదే నేరం. ఇంగ్లండ్‌లో 1990 కంప్యూటర్ దుర్వినియోగ చట్టం మొదటి సెక్షన్, రెండేళ్ళ వరకు. మరో నేరం చేసే ఉద్దేశంతో దూరితే రెండో సెక్షన్, ఐదేళ్ళ వరకు. భారత్‌లో ఐటీ చట్టం 43తో కలిపి 66, మూడేళ్ళ వరకు. పాస్‌వర్డ్ వాడుకున్నందుకు 66సి వేరే. డబ్బు పోయిందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఇక్కడ మొదటి బాధితుడు మీరు కాదు, సప్లయర్. ఆయనతో ఫిర్యాదు ఇప్పించండి. డబ్బు పోని రెండో సంస్థ అప్పుడు ఆ కేసులో గట్టి సాక్షి అవుతుంది.

#13 గాలివాన

సప్లయర్ ముందు ఒప్పుకోలేదు. "మా వైపు ఏ లోపమూ లేదు, మీరే చూసుకోవాల్సింది" అన్నాడు. రెండు రోజులు బతిమాలితే వాళ్ళ కుర్రాడితో చూపించాడు. సర్వర్‌గది గారు చెప్పింది అచ్చంగా అలాగే ఉంది. ఆరు వారాల కిందట పెట్టిన నియమం. ప్రతి బిల్లు నకలు ఎవరికో పోతోంది.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

#14 తిరిగొచ్చిన_ధనం

[నిర్వాహకుడు తొలగించారు]

#15 నిర్వాహకుడు

పై పోస్టు తీసేశాను. "నాకూ ఇలాగే పోయింది, ఫలానా రికవరీ నిపుణుడు మూడు రోజుల్లో మొత్తం తెచ్చిపెట్టాడు, ఈ చిరునామాకు రాయండి" అన్న బాపతు. మోసపోయినవాణ్ణి రెండోసారి మోసం చేసే పాత ఎత్తు ఇది. ముందు ఫీజు అడుగుతారు, ఆ తర్వాత పన్ను, ఆ తర్వాత అనుమతి పత్రం. ఈ చర్చ మొదలైన మూడో రోజుకే వచ్చి వాలాడు. ఇలాంటి సందేశాలు మీకు ప్రైవేటుగా వస్తే నాకు తెలపండి.

#16 ఊరపిచ్చుక

అన్నా గిదంత మంచిగనే ఉంది గని, పంపినోడు ఏడనో సముద్రం అవతల కూసుంటే ఈ సెక్షన్లు వాన్ని ఏం జేస్తయ్? 336 అను, 1343 అను, వానికి ఇనవడ్తదా? ఇప్పటిదాంక ఎవ్వనికన్న పడ్డదా శిక్ష?

#17 లెక్కలపద్దు

పడింది ఊరపిచ్చుకా. మా వృత్తిలో ప్రతి శిక్షణలోనూ చెప్పే కేసు ఒకటుంది. లిథువేనియాకు చెందిన ఎవాల్డాస్ రిమసౌస్కస్. తైవాన్ హార్డ్‌వేర్ కంపెనీ క్వాంటా పేరుతోనే లాత్వియాలో ఒక కంపెనీ రిజిస్టర్ చేశాడు. ఆ పేరు మీద గూగుల్‌కు, ఫేస్‌బుక్‌కు బిల్లులు, ఒప్పందాలు, ఉత్తరాలు పంపాడు. ఆ రెండూ కలిసి 12 కోట్ల డాలర్లకు పైగా పంపేశాయి! గాలివాన గారూ, మీ తెలివితక్కువతనం అన్నారే, ఆ మాట వెనక్కి తీసుకోండి. 2017లో అతన్ని అమెరికాకు అప్పగించారు, 2019 డిసెంబర్‌లో ఐదేళ్ళ శిక్ష పడింది, దాదాపు 5 కోట్ల డాలర్లు జప్తు చేశారు. వేసింది నల్లకోటు గారు చెప్పిన తంతి మోసం సెక్షనే. స్పామ్ చట్టం కాదు.

ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రం లెక్కల్లో 2023లో ఈ బాపతు వ్యాపార మెయిల్ మోసాల నష్టమే 290 కోట్ల డాలర్ల దాకా ఉంది.

#18 పాతకీబోర్డు

ఒకరిద్దరిని చూపించి చట్టం పనిచేస్తోందంటే ఎలా మేడమ్? కెలిహోస్ బాట్‌నెట్ (యజమానులకు తెలియకుండా వశం చేసుకున్న కంప్యూటర్ల గుంపు) నడిపిన రష్యన్ పీటర్ లెవాషోవ్‌ను తీసుకోండి. లక్షల చెత్త మెయిళ్ళకు అడ్డా అది. 2017లో బార్సిలోనాకు సెలవులకు వచ్చాడు కాబట్టి దొరికాడు. సొంత దేశంలో ఉండి ఉంటే దొరికేవాడా? నేరం ఒప్పుకున్నాక 2021లో పడింది ఎంత? అప్పటికే లోపల ఉన్న 33 నెలలు చాలన్నారు.

దానికి బదులు 2008 నవంబర్‌లో మెకోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీకి ఇంటర్నెట్ తీగ పీకేస్తే ప్రపంచంలో స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. కోర్టు లేదు, సెక్షన్ లేదు. వైరు పీకారు, అంతే.

#19 సర్వర్‌గది

ఆ రోజు నాకు గుర్తుంది. క్యూలు ఖాళీగా ఉంటే మా సర్వరే పడిపోయిందనుకుని కంగారుపడ్డాం. కానీ పాతకీబోర్డు గారూ, మిగతా సగం కథ కూడా చెప్పండి. నెలల్లోనే వేరే చోట్ల నుంచి మళ్ళీ అదే స్థాయికి వచ్చింది. వైరు పీకినవాళ్ళు మనుషుల్ని పట్టుకోలేదుగా.

#20 నల్లకోటు

ఇద్దరిదీ నిజమే. ఊరపిచ్చుక ప్రశ్నకు మాత్రం సూటిగా చెప్పాలి. నేరస్థుణ్ణి అప్పగించాలంటే సాధారణంగా ఆ పని రెండు దేశాల్లోనూ నేరం అయి ఉండాలి. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో మెయిల్ వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది కదా. ఫిలిప్పీన్స్‌లో నిందితుడు తెలిశాడు. కానీ అప్పటికి అక్కడ దానికి సరిపడే చట్టమే లేదు. జూన్‌లో హడావుడిగా చట్టం చేశారు, అది వెనక్కి వర్తించదు. వదిలేశారు. ఎక్కడో ఒకచోట చట్టంలో చిల్లు ఉంటే అందరి చట్టాలకూ చిల్లు పడ్డట్టే.

బుడాపెస్ట్ ఒప్పందం ఆ చిల్లులు పూడ్చడానికే. సభ్యదేశాలన్నీ ఈ నేరాలను తమ చట్టాల్లో పెట్టుకోవాలి, 24 గంటలూ పలికే ఒక సంప్రదింపు కేంద్రం ఉంచాలి. నైజీరియా 2022లో చేరింది. రష్యా, భారత్ చేరలేదు. 2024 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి వేరే ఒప్పందాన్ని ఆమోదించింది, అది అమల్లోకి రావాలంటే 40 దేశాలు ధ్రువీకరించాలి.

#21 పాతకీబోర్డు

నాకు ఇప్పటికీ ఒకటి మింగుడుపడదు. ఇన్ని తిప్పలెందుకు? "మూలం దాచి గుంపుగా మెయిల్ పంపినవాడు నేరస్థుడు" అని ఒక్క వాక్యంలో చట్టం చేస్తే అయిపోదా? మోసమా, ప్రచారమా, లెక్కా, నష్టమా, ఏ గొడవా ఉండదు.

#22 నల్లకోటు

చేశారండీ. కూలిపోయింది.

వర్జీనియా రాష్ట్రం అచ్చం అలాంటి చట్టమే చేసింది. దొంగ హెడర్లతో రోజుకు 10,000కు మించి పంపితే పెద్ద నేరం. జెరెమీ జేన్స్ అనే ఆసామి ఉండేది నార్త్ కరోలినాలో. మెయిళ్ళు వెళ్ళింది ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఖాతాదారులకు, ఏఓఎల్ సర్వర్లు వర్జీనియాలో. అందుకని అక్కడ విచారించారు. 2004లో జ్యూరీ దోషి అంది, తర్వాత తొమ్మిదేళ్ళ జైలు వేశారు. స్పామ్‌కు పెద్ద నేరం కింద అమెరికాలో మొదటి శిక్ష అదే.

2008 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు నాలుగు-మూడుతో శిక్షను నిలబెట్టింది. మళ్ళీ విచారణకు ఒప్పుకుని, అదే ఏడాది సెప్టెంబర్‌లో అదే కోర్టు ఏకగ్రీవంగా చట్టాన్నే కొట్టేసింది. ఎందుకని? ఆ చట్టంలో వాణిజ్యం అనీ లేదు, మోసం అనీ లేదు. పేరు దాచుకుని రాజకీయ కరపత్రమో మతప్రచారమో పదివేలమందికి మెయిల్ చేసినవాడూ జైలుకు పోవాల్సిందే. పేరు లేకుండా మాట్లాడటం వాళ్ళ రాజ్యాంగంలో హక్కు.

భారత్‌లో ఐటీ చట్టం 66ఎ గుర్తుందా? దాని మూడో ఖండంలో మెయిల్ మూలం గురించి గ్రహీతను తప్పుదారి పట్టించడం కూడా నేరమే. స్పామ్‌కు దగ్గరగా వచ్చిన క్రిమినల్ నిబంధన అది. కానీ 'విసుగు', 'అసౌకర్యం' అన్న మాటలతో కలిపి కుట్టారు. ఎవరి విసుగు, ఎంత అసౌకర్యం? దాన్ని పట్టుకుని రాజకీయ వ్యాఖ్యలు రాసినవాళ్ళను అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తం కొట్టేసింది. గోధుమలతోపాటు పొట్టు కాదు, ఈసారి పొట్టుతోపాటు గోధుమలు కూడా కొట్టుకుపోయాయి.

రెండు చోట్లా జబ్బు ఒకటే. మోసం లేని మాటనూ జైలు నేరం చేసేంత వెడల్పుగా రాశారు. 1343వ సెక్షనూ, ఇంగ్లండ్ 2006 చట్టమూ అబద్ధాన్నే పట్టుకున్నాయి, ఇవాళ్టికీ నిలబడ్డాయి.

#23 పాతకీబోర్డు

జేన్స్ కథ సగమే తెలుసు నాకు, తొమ్మిదేళ్ళ వరకు. సరే నల్లకోటు గారూ, ఈ ఒక్కటీ మీదే పైచెయ్యి.

#24 వెన్నెలబాట

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది అవతలి వైపు ప్రశ్న. మా అక్క కొడుకు, చదువు ఈమధ్యే అయిపోయింది. ఇంట్లో కూర్చుని చేసే 'పేమెంట్ ప్రాసెసింగ్' ఉద్యోగం అని మెయిల్ వస్తే చేరాడు. వాడి ఖాతాలో డబ్బు పడుతుంది, అందులో కొంత శాతం ఉంచుకుని మిగతాది చెప్పిన చోటికి పంపాలి. రెండు నెలలు చేశాక ఖాతా స్తంభించింది. వాడు మోసగాడు కాదు. వాడికి ఏమవుతుంది?

#25 నల్లకోటు

అమ్మా, ముందుగా: ఇంకో రూపాయో డాలరో కదపొద్దని చెప్పండి. ఆ 'యజమాని'తో వచ్చిన మెయిళ్ళు, చాట్‌లు ఏవీ చెరపొద్దు. పోలీసులు పిలిచేలోపు తానే లాయర్‌తో వెళ్ళాలి.

దీన్ని మ్యూల్ ఖాతా అంటారు. తెలిసి చేశాడా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. కానీ 'తెలియదు' అంటే సరిపోయే కాలం కాదు. ఇంగ్లండ్‌లో 2002 నేరార్జిత సొమ్ము చట్టం కింద తెలియడమే కాదు, అనుమానం ఉన్నా చాలు, 14 ఏళ్ళ వరకు. అమెరికాలో కళ్ళు కావాలని మూసుకున్నవాణ్ణి తెలిసినవాడిగానే లెక్కిస్తారు. మొదటి నెలలో అమాయకుడు, రెండో నెలలో "ఇదేంటి ఇలా?" అని ఎవరినైనా అడిగి కూడా కొనసాగించాడా? ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నిజం చెప్పమనండి.

#26 వెన్నెలబాట

అడిగాడట, తన స్నేహితుణ్ణి. సందేశం ఫోన్‌లో ఉంది.

#27 నల్లకోటు

ఉండనివ్వండి. చెరిపితే ఇంకో నేరం. ఈ సంగతి ఇక్కడ ఇంకేమీ రాయకండి, లాయర్‌కు చెప్పండి.

#28 ఊరపిచ్చుక

నేనొకటి చేద్దామనుకున్న. గాలివాన అన్నకు మెయిల్ పంపినోని చిరునామా ఇస్తే, మా దోస్తు ఉన్నడు, వాని సిస్టంల దూరి చూస్తడు...

#29 సర్వర్‌గది

వద్దు తమ్ముడూ. దొంగింట్లో దూరినా దూరడమే. పైన రాసిన చట్టాలన్నీ నీ దోస్తు మీద పనిచేస్తాయి. పైగా ఆ యంత్రం దొంగది కూడా కాకపోవచ్చు, ఎవరో అమాయకుడి రూటర్ అయి ఉంటుంది.

పనికొచ్చేది ఒకటి చెప్తాను, అందరికీ. మోసపు మెయిల్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకండి. దాన్ని మామూలుగా ఫార్వర్డ్ చేసినా అసలు హెడర్లు పోతాయి. మెయిల్‌ను హెడర్లతో సహా ఉండే ఈఎంఎల్ ఫైలుగా దించుకోండి, లేదా అటాచ్‌మెంట్‌గా పంపండి. అందులో 'రిసీవ్డ్' వరసలు కింది నుంచి పైకి చదవాలి, అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది. అడుగు వరసలు దొంగ కూడా రాసిపెట్టగలడు. మీ సొంత సర్వర్ రాసిన పై వరసలే నమ్మదగ్గవి. సమయాల పక్కన కాలమండలం చూడటం మర్చిపోకండి. ఐదున్నర గంటల తేడా లెక్కేయక తప్పు రోజు లాగ్‌లు అడిగిన ఫిర్యాదు ఒకటి నా చేతికే వచ్చింది.

#30 గాలివాన

మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

సప్లయర్ ఫిర్యాదు ఇచ్చాడు. మూడింటినీ ఒకే కేసుగా కలిపారు. మొదటిరోజు వెనక్కి పంపిన ఆ రెండో సంస్థవాళ్ళను ఈసారి ఫోన్ చేసి మరీ పిలిచారు, ఎందుకంటే చెరపకుండా ఈఎంఎల్ ఉంచుకుంది వాళ్ళే. నేను కంగారులో అసలు మెయిల్ తీసేశాను, నా దగ్గర స్క్రీన్‌షాటే మిగిలింది. పోయినవాడి ఆధారం కన్నా పోనివాడి ఆధారమే గట్టిగా ఉంది.

డబ్బులో దాదాపు మూడో వంతు రెండో ఖాతాలో స్తంభింపజేశారు. మిగతాది అప్పటికే మూడు చేతులు మారింది. నాలుగు రోజులు ఆలస్యం కాకపోతే ఇంకొంత దొరికేదన్నారు. ఆ రెండో ఖాతా ఒక కుర్రాడిది. వెన్నెలబాట గారి పోస్టు చదివిన దగ్గర్నుంచి వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా సరిగ్గా రావడం లేదు.

ఇందాకే ఒక మెయిల్ వచ్చింది. 'అంతర్జాతీయ నిధుల పునరుద్ధరణ విభాగం' నుంచట. నా పేరు, సంస్థ పేరు, పోయిన మొత్తం చివరి అంకెతో సహా సరిగ్గా రాశాడు. ఫైలు తెరవడానికి చిన్న రుసుము కట్టాలట.

#31 నల్లకోటు

లింకు నొక్కలేదు కదా?

#32 గాలివాన

లేదండీ. ఈఎంఎల్‌గా దించి, సాయంత్రం దర్యాప్తు అధికారికి ఇచ్చొచ్చాను. ఈసారి "నష్టం లేదు కదా" అనలేదు.